చెవి వెనక చందనం

"మీ ఎలుకలకి ఏమన్నా రోగమా?" అని అరుస్తూ తలుపు తోసుకొని వెళ్ళాను.

తెల్లకోటు అమ్మాయి తల కూడా ఎత్తలేదు. "రోగం తెప్పించేది మేమే సార్. తగ్గించాల్సింది మీ మందు. అదే తగ్గించలేదు."

ఇదీ మా తొలిచూపు. చూపు కూడా కాదు, ఆమె చూస్తేనే కదా!

అప్పుడు ఎనభై మూడో సంవత్సరం. అంబత్తూరులో ఒక మందుల కంపెనీ. తిరువళ్ళూరు వెంకటపతినైన నేను పై అంతస్తులో కొత్త మందులు వండే కెమిస్టుని. తిరుత్తణి మగ్గం ఇంటి పిల్ల కాంచన కింది అంతస్తులో వాటిని ఎలుకలకు వడ్డించేది. ఎలుక పాదానికి వాపు తెప్పించి, నా మందు పట్టించి, వాపు ఎంత తగ్గిందో కొలవడం ఆమె పని. నేను ఏ మందు పంపినా ఆమె రాసే జవాబు ఒకటే: 'నో యాక్టివిటీ', అంటే పని చేయలేదని. వాపును చూసి బలుపనుకునే వాళ్ళను చాలామందిని చూశాను. వాపును చూపించి నా బలుపు దించింది మాత్రం ఈ ఒక్క మనిషే.

"నా మందులో లోపం లేదు," అన్నాను.

"ఆ మాట ఎలుకతో చెప్పండి సార్. అది ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా."

సాయంత్రం కరెంటు రైలెక్కితే ఆమె నా పక్క సీట్లోనే! తిరువళ్ళూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగానికి వస్తోందట. బయట జోరు వాన. ఆమె మౌనం దానికన్నా జోరు. భరించలేక కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో వేలితో ఆరు మూలల బొమ్మ గీశాను.

"ఇది బెంజీన్ వలయం. ఈ మూల నుంచి మందు తోక వేలాడుతుంది. దాని పక్క మూలలో క్లోరిన్ పెట్టినా."

"పని చేసిందా?"

"లేదు. అందుకే ఇంకో క్లోరిన్ పెట్టినా. దాని మీద మిథైలు గ్రూపు పెట్టినా."

"మా నాయన పువ్వు సరిగ్గా పడకపోతే దారాలు పెంచడు సార్. ఉండే దారాన్నే చోటు మార్చి చూస్తాడు. మీ క్లోరిన్‌ని జరిపి కూర్చోబెట్టకూడదా?"

చోటు మార్చి చూడాలని నాకూ తెలుసు. కాకపోతే దానికి కావలసిన సరుకు బొంబాయి నుంచి రావాలి, నా సోమరితనమేమో నాతోనే పుట్టింది.

"ఈ సీట్లు చూడండి," అంది ఆమె. "మూడుకి మూడు ఎదురెదురుగా, మొత్తం ఆరు. మీరు నా పక్కన కూర్చుంటే నేను కిటికీ చూస్తా. ఏటవాలుగా కూర్చుంటే మీరున్నట్టే తెలియదు."

"సరిగ్గా ఎదురుగా కూర్చుంటే?"

ఆమె చప్పున అద్దం మీది బొమ్మ చెరిపేసింది. "ఆవడి స్టేషను వచ్చేసింది," అంది.

ఆవడి రాలేదు. వచ్చింది సిగ్గు.

బొంబాయి సరుకు వచ్చింది. క్లోరిన్‌ని తోకకు సరిగ్గా ఎదుటి మూలలో పెట్టి కిందికి పంపాను. మూలకం అదే, మూల మారిందంతే! ఆ మరుసటి వారం కాంచన మొదటిసారి మా మెట్లెక్కి వచ్చింది, రొప్పుకుంటూ.

"తగ్గింది!"

"ఏమి తగ్గింది? జీతమా?"

"వాపు సార్! సగానికి సగం! మూడుసార్లు చేసినా, మూడుసార్లూ తగ్గింది!"

ఆ ఎలుకలకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. వినాయకుడి వాహనాలే, పెళ్ళికి ముందు విఘ్నం తీసేశాయి.

ఆనాటి నుంచి రైల్లో నా సీటు ఆమెకు సరిగ్గా ఎదురుగా. యాక్టివిటీ ఎలా ఉందో ఎవరూ కొలవలేదు కానీ, నా గుండెకు మాత్రం వాపు తగ్గలేదు.

"మా నాయన ఒప్పుకోవాల," అందొక రోజు కాంచన, గొంతు తగ్గించి. "మీది సేద్యం, మాది మగ్గం. పైగా పట్టు అంగడి వాళ్ళ సంబంధం వచ్చి ఉండాది. ఆదివారం సాయంత్రం వాళ్ళకి మాట ఇచ్చేస్తాడంట. మీరు మీ నాయన్ని పిలుచుకొని అంతకన్నా ముందే వస్తే మాట్లాడతానన్నాడు. మీ నాయన లేకుండా వస్తే గడపలోకే రానీడు."

ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. ఒక్క మందైనా పనిచేస్తే తలనీలాలిస్తానని తిరుత్తణి మురుగనికి మొక్కుకున్నాను. క్లోరిన్‌ని నమ్మినవాడు కొండను కూడా నమ్మాడంటే నవ్వుతుందని దాచాను.

మా నాయన మునిస్వామి దగ్గర దాపరికం కుదరలేదు. "మొక్కు తీర్చకుండా పిల్లని అడిగేదానికి పోతావేమ్రా? మొదట కొండకి పోదాం."

ఆదివారం కొండెక్కాం. "మీసం?" అని అడిగాడు మంగలి. మొక్కంటే మొత్తం అన్నాను. నున్నటి గుండు మీద చల్లగా చందనం పూశారు. కొండ దిగేసరికి వాన. అరటిపండ్లు, పూలు కొంటూ నాయన అంగడి పంచన ఆగిపోయాడు.

"నువ్వు పోరా ముందు! పట్టు అంగడోళ్ళు వచ్చేస్తారు. నేను ఎనకనే వస్తా."

వానలో పరుగెత్తాను. కాంచన వాళ్ళ గడపలో నిలబడేసరికి మీసం లేదు, జుట్టు లేదు, పక్కన నాయన లేడు. కారిపోయిన చందనం కళ్ళలో పడి రెండూ ఎర్రబడ్డాయి.

మగ్గం గుంటలో కూర్చున్న కాంచన నాయన ధనకోటిగారు నన్ను చూశారు. చేతిలోని దారం విసిరే నాడె జారిపోయింది.

"అయ్యయ్యో! నాయనా! ఎప్పుడు?"

"ఈ పొద్దు పొద్దున్నే మామా," అన్నాను, గుండు గురించేమో అనుకొని.

"ఎంత పని అయిపాయ! నా తండ్రి పోయినప్పుడు నేనూ ఇట్లనే మొట్ట తలతో వానలో వచ్చి నిలబడినా..." పెద్దాయన పైగుడ్డ నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నాడు. ఈయన నా బతికున్న తండ్రిని చంపేశాడు!

"మామా, అది కాదు, నేను..."

"మాట్లాడొద్దు నాయనా. దుఃఖంలో ఉండావు. తండ్రి పోయిన ఇంట్లో ఏడాది దాకా శుభం లేదు. మా పిల్ల రాత ఇంతే. పట్టు అంగడి వాళ్ళకే మాట ఇచ్చేస్తా."

లోపలి నుంచి కాంచన తువ్వాలతో వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత ఆమె కళ్ళలోకి ప్రయోగశాల చూపు వచ్చింది. మాటను కాదు, గుర్తును నమ్మే చూపు.

"నాయనా, ఆగు."

దగ్గరికి వచ్చింది. ఇంటిల్లిపాదీ చూస్తుండగా నా చెవి పట్టుకొని ముందుకు వంచింది. చెవి వెనక వేలితో రాసి, ఆ వేలు వాసన చూసి, తండ్రి ముక్కు ముందు పెట్టింది.

"చందనం! వాన తడి ఇక్కడికి రాలేదు. ఇది చావు మొట్ట కాదు నాయనా, కొండ మొట్ట!"

తల అదే, గుండు అదే. వేలెడు చందనం ఉంటే మొక్కు, లేకుంటే మైల. అణువుల గురించి నేను చదివిందంతా నా నెత్తి మీదే రుజువైంది.

అప్పుడే గొడుగు కింద అరటి గెలతో మా నాయన గడపెక్కాడు.

"ఏమి, అందురూ ఏడస్తా ఉండారు? ఎవురన్నా పోయినారా?"

"నువ్వే పోయినావన్నా!" అంటూ ధనకోటిగారు గుంటలోంచి లేచి వచ్చి ఆయన్ను వాటేసుకున్నారు. ఏడుపుకు నవ్వు పెనవేసుకుంది.

సంగతి తెలిశాక మా నాయన గంభీరంగా అన్నాడు. "నా చావుకి నన్నే పిలవలేదే. పెండ్లికన్నా పిలుస్తారా?"

ధనకోటిగారు కళ్ళు తుడుచుకున్నారు. "మగ్గం ఇల్లు, మడక ఇల్లు అని వెనకాడినా అన్నా ఇన్ని దినాలూ. మొగం చూడకముందే నీ కోసం ఏడిస్తిని. ఏడ్చినాక ఇంక నువ్వు పరాయోడివి ఎట్లయితావు? పట్టు అంగడి వాళ్ళకి నేనే చెప్పుకుంటా. పిల్ల మీది."

కాంచన తువ్వాలు నా చేతికిచ్చి మెల్లగా అంది. "జుట్టు తీసేస్తిరి, మీసం తీసేస్తిరి. ఆ రెండు గ్రూపులూ లేకపోయినా యాక్టివిటీ తగ్గలేదు సార్."

ఆ మందు బజారుకు రాలేదు. వాపు తగ్గించింది కానీ ఎలుకల కడుపులో పుండ్లు లేపింది. అది వదిలేసి వేరే వలయాలు పట్టుకున్నాం. ఆ క్లోరిన్‌కు, ఆ ఎలుకలకు, ఆ వానకు, బతికుండగానే చచ్చి నాకు పెళ్ళి చేసిన మా నాయనకు ఎన్ని దండాలు పెట్టినా నాకు తనివి తీరదు.

ఏటా తిరుత్తణికి వెళ్ళి తలనీలాలిస్తాను. ఇప్పుడు నీలాలు పోయి తెల్లాలు మిగిలాయి, అవీ సగం స్వామి ముందే తీసేసుకున్నాడు. గుండుకు చందనం అక్కడివాళ్ళే పూస్తారు.

చెవి వెనక మాత్రం కాంచన పూస్తుంది. వాన ఉన్నా, లేకున్నా.