ప్రశ్న అమ్మని అడిగారు

బుల్లబ్బాయి గారి పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున, మధురానగర్‌లోని ఆ రెండు గదుల మేడ వాటాలో అందరికంటే ముందు లేచింది ఆయన కొడుకు ఫణీంద్ర. లేచినవాడు ఊరికే కూర్చోలేదు. షామియానా వాళ్లకి ఫోన్ చేశాడు. అద్దె గిన్నెలు తిప్పి పంపించాడు. తండ్రి బట్టలన్నీ ఒక పెట్టెలోకి సర్దించాడు. పంజాగుట్టలోని తన ఫ్లాట్‌లో తల్లి కోసం ఒక గది ఖాళీ చేయించమని పనిమనిషికి కబురు పెట్టాడు. ఆయన అర్థశాస్త్రం ప్రొఫెసరు. దుఃఖం వస్తే కొందరు ఏడుస్తారు, కొందరు పనులు పురమాయిస్తారు. ఫణీంద్ర రెండో రకం.

తల్లి నాగేశ్వరి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా దండ వేసిన ఫొటో. కోడలు మంజూష ఉప్మా పళ్లెం తెచ్చి చేతికిచ్చింది.

"రెండు ముద్దలు తినండి అత్తయ్యా, చల్లారిపోతుంది."

"అమ్మకి ఉప్మా సయించదులే. ఇడ్లీ తెప్పిస్తాను," అన్నాడు ఫణీంద్ర ఫోనులోంచి తలెత్తకుండా.

నాగేశ్వరి పళ్లెంలో పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంతలో కింది వాటాలో ఉండే ఇంటి యజమాని రాజనర్సయ్య మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల పరిచయం. దహనం రోజున పాడె పట్టినవాళ్లలో ఆయన ఒకడు.

"అమ్మా, గిప్పుడు అడుగుడు మంచిగ లేదు గని అడుగుతున్న. పక్క హాస్టలోళ్లు గీ వాట కావాలని రోజూ తిరుగుతుండ్రు. నువ్వు ఉంటవా, పోతవా? ఉంటనంటే నాకేం ఫికర్ లేదు, వాళ్లకు లేదని చెప్త."

నాగేశ్వరి తలెత్తింది. పెదవులు కదిలాయి.

"నెలాఖరుకి ఖాళీ చేసేస్తామండీ," అన్నాడు ఫణీంద్ర. "అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. ఒక్కతీ ఇక్కడేం చేస్తుంది?"

"నేను అమ్మను అడిగిన సారూ."

"అమ్మ మాటే నేను చెబుతున్నాను."

రాజనర్సయ్య కాసేపు ఆవిడ వైపు చూశాడు. "హాస్టలాయన పది గంటలకొస్తడు. గంతల మీరు మీరు జర మాట్లాడుకోండ్రి," అని దిగిపోయాడు.

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఫణీంద్ర కూతురు సంహిత, కిటికీ దగ్గర కూర్చుని తాతయ్య కళ్లజోడు తుడుస్తోంది. దాన్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, వైవాకి వెళ్లొచ్చినప్పుడల్లా మీరొక మాట చెబుతారు, గుర్తుందా?"

ఆ మాట ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పీహెచ్‌డీ విద్యార్థి తడబడుతుంటే పక్కనున్న గైడు అందుకుని జవాబు చెప్పబోతాడు. ఫణీంద్ర చెయ్యెత్తి ఆపుతాడు. 'ప్రశ్న విద్యార్థిని అడిగాం. మీరు ఊరుకోండి. ఎంతసేపైనా ఆగుతాం.' యూనివర్సిటీలో ఆయనకి పేరు తెచ్చిన మాట అది.

"ఇప్పుడదెందుకు?"

"తాతయ్యని మీరు క్లినిక్‌కి తీసుకెళ్లిన ఆ సాయంత్రం, ఎక్కడ నొప్పి అని డాక్టరు గారు తాతయ్యని అడిగారు. తాతయ్య చెయ్యి ఇక్కడిదాకా వచ్చింది." సంహిత తన ఎడమ దవడ తాకి చూపించింది. "మీరు గ్యాస్ అన్నారు. ముందురోజు బజ్జీలు తిన్నారన్నారు. ఆయాసం ఉందా అంటే లేదని కూడా మీరే చెప్పారు, ఇంగ్లీషులో. తాతయ్య చెయ్యి దించేసుకున్నారు. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను."

"సంహితా, ఇక చాలు," అంది మంజూష.

అది గ్యాస్ కాదు, దవడదాకా పాకిన గుండెనొప్పి. క్లినిక్‌కి వెళ్లొచ్చిన మర్నాడు తెల్లవారేసరికి బుల్లబ్బాయి గారి గుండె ఆగిపోయింది. అప్పటినుంచి ఫణీంద్ర ప్రతి పనీ నెత్తిన వేసుకున్నది, ఈ ఒక్క సంగతీ తలుచుకునే తీరిక లేకుండా ఉండాలనే. ఇప్పుడది కూతురి నోట వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అంటే మా నాన్నని నేనే చంపుకున్నానంటావా?"

"అలా అనలేదు నాన్నా." సంహిత లేచి వచ్చి నానమ్మ పక్కన కూర్చుంది. "నానమ్మనైనా చెప్పనివ్వండి అంటున్నాను."

ఫణీంద్ర ఫోను పక్కన పెట్టాడు. వచ్చి తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నాన్నకి నొప్పి దవడలో అని నీకు తెలుసా?"

నాగేశ్వరి చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో మొదటిసారిగా ఫణీంద్ర ఆగాడు.

"ఇంటికొచ్చాక చెప్పారు. మరి డాక్టరుతో అనలేదేమండీ అన్నాను. మీ నాన్న ముప్పై ఏళ్లు ఆఫీసులో అటెండరుగా ఫైళ్లు మోశారు. పెద్దవాళ్ల ఎదుట కుర్చీలో కూర్చోవడమే ఆయనకి చేతకాదు. నువ్వేమో కాలు మీద కాలేసుకుని డాక్టరుతో సమానంగా ఇంగ్లీషులో మాట్లాడుతున్నావట. నిన్నే చూస్తూ ఉండిపోయారట. 'మనవాడు అంత బాగా చెబుతుంటే మధ్యలో నేనేం మాట్లాడేది నాగేశ్వరీ' అన్నారు. నవ్వుకుంటూనే పడుకున్నారు."

ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. యాభై రెండేళ్ల ఆ మనిషి తల్లి మోకాళ్ల మీద తలపెట్టుకుని, కూతురు చూస్తోందన్న మొహమాటం కూడా లేకుండా ఏడ్చాడు. ఆవిడ ఆయన జుట్టు సర్దుతూ ఉంది.

"చెప్పినా బతికేవారో లేదో మనకేం తెలుసురా. ఫోన్ చేసిన పావుగంటలో వచ్చి తీసుకెళ్లావు. అదీ చెప్పుకున్నారు ఆయన."

కాసేపటికి ఫణీంద్ర మొహం తుడుచుకున్నాడు.

"నీకు ఎక్కడ ఉండాలని ఉందమ్మా?"

ఆవిడ ఫొటో వైపు చూసింది. తన ఇంట్లో లిఫ్టు ఉందని, హాస్పిటల్ దగ్గరని, రాత్రిళ్లు ఎవరో ఒకరు తోడుంటారని, ఎన్నో మాటలు ఫణీంద్ర నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నిటినీ మింగేశాడు.

కిందనుంచి రాజనర్సయ్య పిలిచాడు. "సారూ, హాస్టలాయన వచ్చిండు. ఏమనుకున్నరు?"

ఫణీంద్ర వరండాలోకి వెళ్లి పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు.

"మీరు అమ్మని కదండీ అడిగారు. అమ్మే చెబుతుంది. కాస్త ఆగండి."

నాగేశ్వరి మనవరాలి భుజం పట్టుకుని లేచింది. మెల్లగా నడిచి వచ్చి కొడుకు పక్కన నిలబడింది.

"రాజనర్సయ్య గారూ, ఇల్లు ఎవరికీ ఇవ్వకండి. సంవత్సరీకాలు అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. ఆదివారాలు మా అబ్బాయింటికి వెళ్లొస్తుంటాను. ఆ తర్వాత సంగతి తర్వాత చెబుతాను."

"మంచిదమ్మా. గట్లనే కానీ."

ఆవిడ లోపలికొచ్చి మళ్లీ తన చోటే కూర్చుంది. పళ్లెం దగ్గరికి లాక్కుంది.

"చల్లారిపోయింది అత్తయ్యా, వేడి చేసి తెస్తాను," అంది మంజూష.

"వద్దమ్మా. నాకు చల్లారిన ఉప్మా అంటేనే ఇష్టం."

ఫణీంద్రకి ఆ సంగతి అప్పుడే తెలిసింది.