తిమ్మక్క వేలిముద్ర

ఉరవకొండ రోడ్డులో సోమప్ప బైకును లారీ గుద్దిన మర్నాడు ఉదయం ఏడింటికి, అనంతపురంలో ఏజెంట్ ఆరీఫాకు అసైన్‌మెంట్ అందింది.

"యాక్సిడెంట్ కాదమ్మా. మనోణ్ణి చంపినారు," అన్నాడు చీఫ్ నూర్ అహమ్మద్. "మార్కస్ గ్యాంగ్. పైకి విత్తనాల కంపెనీ. నలభై దినాలు వాన లేకున్నా శెనక్కాయ పంట ఎండని పద్ధతి తిమ్మక్క అనే ముసలి రైతుకు తెలుసు. పదకొండుకు ఎన్‌డీఏ, అదే ఎవురికీ చెప్పకూడదనే ఒప్పందం మీద ఆమె వేలిముద్ర. తర్వాత విదేశంలో పేటెంట్."

సోమప్ప చివరిగా పంపిన ఫొటోలో ఆ ఒప్పందంలోని ఒక పేరా ఉంది. రహస్య సమాచారం అంటే: చెప్పినా, రాసినా, చూపినా, 'రహస్యం' అని ముద్ర ఉన్నా లేకున్నా, ఈ సాగుకు సంబంధించిన ప్రతిదీ. 'సంతకానికి ముందే తనకు తెలిసినది తప్ప' అనే మామూలు మినహాయింపు కొట్టేశారు. తన సేద్యం తిమ్మక్క పక్కింట్లో చెప్పినా కోర్టుకెక్కాల్సిందే.

"ఒక్క మినహాయింపు మిగిలింది సార్. సంతకం నాటికి లోకానికి తెలిసినది."

"అది నిలబెట్టింది వాళ్ల లాయరు హేమావతి. మన మనిషే." ఆయన గొంతు తగ్గింది. "అనుకుంటాండాం."

పదకొండుకు పది నిమిషాలు. నోటరీ గుమాస్తా వేషంలో ఆరీఫా తిమ్మక్క వాకిట్లో ఉంది. కుర్తా గుండీలోని కెమెరా రైతుల పేజీలో లైవ్ ఇస్తోంది. ధర్మవరం పట్టుచీర, నల్లద్దాలతో హేమావతి. పక్కన మార్కస్. ముసలామె బొటనవేలికి అప్పటికే ఇంకు అంటింది.

"అవ్వా, ఈ ముద్ర ఏస్తే నీ సేద్యం నీ కూతురికి కూడా చెప్పకూడదు," అంది ఆరీఫా.

"ఏమంటోంది?" మార్కస్ ఇంగ్లిష్‌లో అడిగాడు.

హేమావతి తడుముకోలేదు. "వయసు అడుగుతోంది."

తిమ్మక్క వేలు గాల్లోనే ఆగింది. "నా నోరు నాది కాదా ఏంది?"

"అయితే ఇప్పుడే చెప్పవ్వా. అందరూ వింటాండారు."

విత్తనం దేంట్లో నానబెట్టాలో, ఎన్ని దినాలు నీడన ఆరబెట్టాలో, సాలు ఎంత లోతు తీయాలో ముసలామె గడగడా చెప్పేసింది. పదకొండుకు నిమిషం ఉందనగా మార్కస్ ఫోన్ మోగింది. పద్ధతంతా లైవ్‌లో లోకానికి తెలిసిపోయిందనీ, ఇక పేటెంట్ రాదనీ అవతలి గొంతు. కాగితాలు చింపాడు. హేమావతి జబ్బ పట్టి కారులోకి తోశాడు. ఆరీఫా పరుగెత్తేసరికి దుమ్మే మిగిలింది.

గంటకల్లా చెక్‌పోస్టులో మార్కస్ దొరికాడు. కారులో హేమావతి లేదు. నల్లద్దాలు మాత్రం ఉన్నాయి, ఒక అద్దం పగిలి.

సాయంత్రం దాకా ఆమె ఫోన్ స్విచాఫ్. ఆరీఫా రిపోర్టు ముగించింది. పన్నెండు వేల మంది లైవ్‌లో చూసిన సంగతి మీద నూర్ అహమ్మద్ 'అత్యంత రహస్యం' అని ముద్ర కొట్టి బీరువాలో పెట్టాడు.