గంజి పెట్టిన కాలరు

పొద్దున్నే ఎర్నెస్టీన్ వంటింట్లో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ జావ, గ్రిట్స్, అడుగంటుతోంది. ఆ వాసన కూతురు లట్రీస్ గది దాకా వెళ్ళింది గానీ పక్కనే ఉన్న తల్లి ముక్కుకు తగల్లేదు. కొడుకు చొక్కా చేతిలో ఉంటే ఆవిడకు ఇల్లు తగలబడినా పట్టదని లట్రీస్ నమ్మకం.

కొడుకు జమార్కస్‌కు పందొమ్మిదేళ్ళు. పెట్రోలు బంకు దగ్గర గొడవలో ఒకణ్ణి కాల్చాడు. అవతలివాడే ముందు తుపాకీ తీశాడని, ప్రాణభయంతో కాల్చానని వాడి మాట. హత్యేనని ప్రభుత్వం మాట. అమెరికాలోని మెంఫిస్ కోర్టులో విచారణ నడుస్తోంది. జైలుబట్టల్లో తీర్పు చెప్పే జ్యూరీ కంటపడకూడదు కనక, రోజూ ఇస్త్రీ చొక్కా లాయరు చేతికి అందించడం తల్లి పని.

లట్రీస్ వచ్చి గ్రిట్స్ గిన్నె ఠకీమని దించింది.

"ఆ కాలరుకి ఇంకెంత గంజి పెడతావమ్మా? పెళ్ళికొడుకా వాడు?"

"బాగా గట్టిగా, ఎత్తుగా ఉండాలంది లాయరమ్మ."

"నేను నర్సు చదువు పూర్తిచేసి బిళ్ళ అందుకున్న రోజు నా కోటు నేనే ఇస్త్రీ చేసుకున్నా. నువ్వసలు రానే లేదు. ఆ రోజూ వాడి వాయిదాయే."

అసూయకు సిగ్గుండదు. జైల్లో ఉన్నవాణ్ణి చూసి కూడా కుళ్ళుకుంటుంది. చిన్నప్పుడు తమ్ముడికి ఉబ్బసం, అమ్మ ఒడి వాడిది. పెద్దయ్యాక చెడు సావాసాలు, అమ్మ కన్నీళ్ళూ వాడివే. బుద్ధిగా పెరిగిన పాపానికి లట్రీస్‌కు మిగిలినవి అంట్లు. వాణ్ణి పోలీసులు పట్టుకెళ్ళాక ఆమె ఒక్కసారి కూడా చూడ్డానికి పోలేదు.

"ఇవాళైనా వచ్చి వాడి వెనక కూర్చోవే," అంది తల్లి. "నేనొక్కదాన్నే కనపడితే వీడికి ఇంకెవరూ లేరనుకుంటారట. ఆ పన్నెండుమంది జ్యూరీలో మన నల్లరంగు మనిషి ఒక్కరే."

"రాను. మనిషిని చంపినా వాడే నీ బంగారుకొండ. నన్నూ అలా చూడాలంటే ఏం చెయ్యాలి? నేనూ ఎవర్నైనా కాల్చి రావాలా?"

ఎర్నెస్టీన్ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కొట్టదు కదా అనిపించింది లట్రీస్‌కు. ఆవిడ గొంతు మాత్రం చల్లగానే ఉంది.

"కుళ్ళు నీ ఒక్కదాని సొత్తనుకోకు. కిందటేడు ఒకణ్ణి చంపిన ఆ తెల్ల కుర్రాడూ భయపడి కాల్చాననే అన్నాడు. కోర్టు వదిలేస్తే వాళ్ళమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. టీవీలో అది చూసి ఎంత కుళ్ళుకున్నానో నాకు తెలుసు. నా కొడుకుని నన్ను ముట్టుకోనివ్వరే తల్లీ. ఈ చొక్కానే ముట్టుకుంటున్నా."

లట్రీస్ బల్ల మీది కాలరు వైపు చూసింది.

"గంజెందుకని అడిగావుగా. జైల్లో మెడ మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు వెధవ. జ్యూరీ కంటపడితే ముఠావాడనుకుంటారని లాయరమ్మ తల బాదుకుంది. నీకు చెప్పొద్దన్నాడు వాడు."

"నాకు చెప్పకపోవడమెందుకు? నీ పేరేగా ఉండేది."

"నీ పేరు," అంది తల్లి.

లట్రీస్ నిలబెట్టి ఉన్న ఇస్త్రీపెట్టె అందుకుంది. కాలరు మీద మరోసారి నీళ్ళు చిలకరించింది. కళ్ళు మసకబారి మడత సరిగా కనపడలేదు.

కోర్టులో తల్లి పక్కన కూర్చుంది. జమార్కస్ వెనక్కి తిరిగి అక్కను చూశాడు. చిన్నపిల్లాడిలా వాడి ముఖం విప్పారింది. ఆ తిరగడంలో కాలరు పక్కకు ఒరిగి, చెవి కింద ఆమె పేరులోని మొదటి అక్షరం బయటపడింది. జ్యూరీ అప్పుడే లోపలికి వస్తోంది. లట్రీస్ గబుక్కున తన మెడ దగ్గర చెయ్యి పెట్టి, లేని కాలరును పైకి లాగినట్టు చూపించింది. వాడికి అర్థమైంది. సర్దుకుని ముందుకు తిరిగాడు.

అమ్మ కళ్ళలో పడాలని ఇన్నేళ్ళూ ఆమె తపించిన పేరు అది. ఎవరి కళ్ళలోనూ పడకూడదని దేవుణ్ణి వేడుకుంటూ ఆ రోజంతా తమ్ముడి వెనక కూర్చుంది.