చెమ్మా పడే పిక్కలు

"క్లాసుకి చింతపిక్కలు తెచ్చారేంటి? వేయించి పంచుతారా ఏంటండీ?" అంది నిఖిత.

"హాఫ్ లైఫ్ మేడమ్. మీ స్లైడుల్లో ఉండదు లెండి," అన్నాడు తిరుమలరావు, సంచి వెనక్కి దాచుకుంటూ.

ద్వారకా నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్లో తిరుమలరావూ నిఖితా నెల రోజులుగా ట్రయల్ మీద ఫిజిక్స్ చెబుతున్నారు. పదో తరగతి బ్యాచ్‌కి కావలసింది ఒక్క టీచరే. శనివారం ఇద్దరూ ఒకే పాఠం చెప్పాలని, పిల్లలు చేతులెత్తి ఒకరిని ఎంచుకుంటారని సెంటర్ నడిపే అర్జునరావు తేల్చేశాడు. తిరుమలరావుకి ఉద్యోగం కావాలి. నిఖిత కూడా కావాలి. రెండూ కలిసి ఎలా దక్కుతాయో ఏ ఫార్ములాలోనూ లేదు.

నిఖిత పాఠం సాఫీగా సాగింది. ముగించి వెనక బెంచీలో కూర్చుంది.

తిరుమలరావు వంద పిక్కలు బల్ల మీద పోశాడు. భీమిలిలో వాళ్లమ్మ చిలకమ్మ అష్టాచెమ్మా ఆటకి చేసినట్టే, ఒక పక్క తెల్లగా తేలేదాకా గచ్చు మీద అరగదీసి ఇచ్చింది.

"ఒక్కో పిక్కా ఒక్కో రేడియోధార్మిక కేంద్రకం. తెల్లగా పడితే డికే, అంటే క్షయం, అయిపోయినట్టు, తీసేద్దాం. ఏ పిక్క ఎప్పుడు పోద్దో సెప్పలేం. కానీ ఒక్కో విసురుకి సగం పోతాయి. ఆ టైమే హాఫ్ లైఫ్."

విసిరాడు. నల్లవి ముప్పై మిగిలాయి.

"సగమన్నారు కద్సార్!" క్లాసంతా గొల్లుమంది.

తిరుమలరావు ఒక పిక్క తీసి తిప్పి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు పిక్కలూ తెల్లగా పడితే చెమ్మా. తెల్లవైపే పైకి పడేలా వాటంగా అరగదీయడం అమ్మకి చేతి అలవాటు. ఆవిడ ఇంతవరకు ఆటలో ఓడి ఎరగదు.

నిఖిత లేచింది. "మళ్లీ వెయ్యండి సార్."

పది మిగిలాయి. మళ్లీ వేస్తే మూడు.

"చూశారా? ప్రతిసారీ ఇంచుమించు అదే వంతు మిగులుతోంది. అంటే వీటి హాఫ్ లైఫ్ ఒక్క విసురు కంటే తక్కువ. యురేనియంకి వందల కోట్ల ఏళ్లు, కొన్నిటికి సెకన్లు. సార్ పిక్కలకి కాస్త తొందరెక్కువ, అంతే."

పిల్లలు బల్ల చుట్టూ మూగారు. నలభై మందిలో ఇరవై ఆరు చేతులు తిరుమలరావుకే లేచాయి.

అతను నేరుగా అర్జునరావు దగ్గరికెళ్లాడు. "ఆవిడ లేవకపోతే నాను ములిగిపోదును సార్. బ్యాచ్ ఆవిడకే ఇచ్చేయండి."

అర్జునరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ థియరీ, నువ్వు ప్రాక్టికల్. సోమవారం ఇద్దరూ తగలడండి."

బస్ కాంప్లెక్స్ దాకా నడుస్తూ అమ్మ పిక్కల గుట్టంతా అతను నిఖితకి చెప్పేశాడు. అక్కడ చినుకులు మొదలయ్యాయి. నిఖిత గొడుగు అతని నెత్తి మీదికి వచ్చింది.

"ఓడిపోతారని తెలిసీ ఎందుకు లేచారండి?"

"మీరు రాని సోమవారం ఎలా ఉంటుందో ఆలోచించాను. బాలేదు."

అతను గొడుగు కాడ అందుకున్నాడు.

"రేపు మీ అమ్మగారితో అష్టాచెమ్మా ఆడటానికి వస్తానండీ. గెలిస్తే ఒకటి అడగాలి."

"ఏటడుగుతారు?"

"మిమ్మల్ని."

భీమిలి బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

"అమ్మ పిక్కలతో అమ్మని గెలవలేరండి," అన్నాడు తిరుమలరావు.

"మా నాయనమ్మవి తెస్తాను. గోదావరి పిక్కలు. ఆవిడా ఓడి ఎరగదు."

బుద్ధెరిగాక మొదటిసారి, వాళ్లమ్మ ఓడిపోవాలని తిరుమలరావు మనసారా కోరుకున్నాడు.