పొయ్యి ఆరని మలుపు

పొద్దున్నే మెలకువ రాగానే సరంగు ముక్కు చిట్లించాడు. నది మీద పడుకుని నీటి వాసన తెలియకపోవడమేమిటి? గదంతా అత్తరు కంపు! తువ్వాలుని మెలిపెట్టి హంసలా కూర్చోబెట్టారు. ముఖం తుడుచుకోవాలంటే ముందు దాని మెడ విప్పాలి. పోనీ గాలి కోసం కిటికీ తీద్దామంటే అది కదిలితేనా! ఛీ, అనుకున్నాడు.

బతుకంతా పాత లాంచీ నడిపినవాడు. ఇప్పుడు ఈ విలాసనౌకకి కూతురే సరంగు. "ఒక్కసారి వచ్చి చూడు నాన్నా" అని ప్రాణం తీస్తే నిన్న సాయంత్రం ఎక్కాడు.

భోజనాల హాల్లో ఒళ్లు ఇంకా మండింది. సగం కొరికిన కేకులు పళ్లేలకు పళ్లేలు చెత్తబుట్టలోకి పోతున్నాయి. జనం నదికి వీపు పెట్టి కూర్చుని, గోడ మీది టీవీలో అదే నదిని చూస్తున్నారు. తెల్ల యూనిఫారంలో కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎలా ఉంది నాన్నా?"

"ఏడ్చినట్టుంది. దీన్ని ఓడంటారా? నీళ్ల మీద నగల కొట్టు!"

"మెల్లగా. అందరూ వింటున్నారు."

"విననీ! ఈ సోకుల కోసమా నీకు చుక్కాని పట్టడం నేర్పింది? మధ్యాహ్నం రేవులో దిగిపోతున్నా. నువ్వూ ఈ ఉద్యోగానికో దణ్ణం పెట్టి వచ్చెయ్."

"నేను రాను."

"అయితే నాకు కూతురే లేదనుకుంటా."

ఆమె ముఖం పాలిపోయింది. "ఎంత మాటన్నావు నాన్నా! సరే, దిగిపో. నా డ్యూటీ టైమైంది." కళ్లు కూడా తుడుచుకోకుండా పైకి వెళ్లిపోయింది.

సరంగు సంచీ సర్దుకుని బయట రెయిలింగు దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా పాత మలుపు కనిపించింది. ఒకప్పుడు అక్కడే అతని భార్య పడవలో టీ కాచి అమ్మేది. లాంచీ వేగంగా వెళ్తే అలలు ఎగిరి పొయ్యిలో పడేవి. "నీ లాంచీ తగలెయ్య! మళ్లీ ఆర్పేశావా?" అని జనం ముందే దులిపేసేది. పక్కన విసనకర్రతో పొయ్యి విసురుతూ చిన్నారి కూతురు పకపకా నవ్వేది. ఆ తిట్లకు జడిసి అతను అక్కడికి రాగానే లాంచీని నెమ్మది చేసేవాడు. ఇప్పుడు భార్యా లేదు, పడవా లేదు. ఈ రాక్షసి ఓడకి అవన్నీ ఏం తెలుసని ముఖం తిప్పుకున్నాడు.

అంతలో ఇంజను హోరు తగ్గింది. ఓడ పాకుతున్నట్టుగా కదిలింది. ఒడ్డున రెల్లు తప్ప ఏమీ లేదు.

"ఇక్కడేముందని ఆపుతున్నారో!" పక్కనున్నావిడ విసుక్కుంది.

సరంగు సంచీతోనే పరుగులాంటి నడకతో మెట్లెక్కాడు. కూతురు చుక్కాని పట్టుకుని నీళ్ల వైపే చూస్తోంది.

"పడవ లేదు, మనిషి లేదు. ఎందుకు నెమ్మదించావు?"

"పొయ్యి ఆరిపోతే అమ్మ తిడుతుంది కదా నాన్నా."

అతని చేతిలోంచి సంచీ జారిపోయింది. ఏడుపు ఆగలేదు. "నోరు జారానే తల్లీ! కూతురు లేదనడానికి నాకు నోరెలా వచ్చింది!"

ఆమె ఒక చేత్తో అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా గదిలో ఆ అత్తరు మాత్రం కొట్టొద్దని చెప్పు. చచ్చిపోతున్నా," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. ఆమె ఏడుస్తూనే నవ్వేసింది. సరంగు వెనక్కి తిరిగి రెల్లు వైపు చూశాడు.

"మీ అమ్మ పడవ దాటేశాం. ఇక వేగం పెంచు."