కాట్రేనికోన ఆర్డరు

"ఇవాళ్టి నుంచి మీ ఆర్డరు తీసుకోవడం లేదండి," అంది రమ్యశ్రీ, పొయ్యి మీద బోర్లించిన కుండ మీంచి చూపు తిప్పకుండానే.

గుమ్మంలో నిలబడ్డ దుర్గాప్రసాద్ హెల్మెట్టు తియ్యడం కూడా మర్చిపోయాడు. కాట్రేనికోనలో రొయ్యల మేత అమ్మే కొట్టు అతనిది. అక్కణ్ణుంచి ఆత్రేయపురం బండి మీద దగ్గర దగ్గర రెండు గంటలు. దారిలో పూతరేకులు దొరకవా అంటే అడుగడుక్కీ దొరుకుతాయి. అయినా మూడు నెలలుగా బుధవారం, శనివారం తప్పకుండా ఇక్కడికే వచ్చి, వచ్చినప్పుడల్లా రెండు వందలు కట్టించుకుని వెళుతున్నాడు. ముందు ఫోన్ చేస్తే సిద్ధంగా ఉంచుతాం కదా అంటే, మర్చిపోయానండి అంటాడు. అన్ని ఎవరు తింటున్నారని రమ్యశ్రీ తల్లి సత్యవతి ఓసారి అడిగితే, చెరువుల రైతులు వదలట్లేదండి అన్నాడు.

పోనీ వంద చెయ్యమన్నాడు. చెయ్యనంది. యాభై అన్నాడు. రోజువారీ పనికి మించి ఒక్కటి కూడా చెయ్యలేనంది.

చెయ్యలేకపోవడానికి కారణం పదిరోజులుగా ఆమె కుడి రొమ్ములో నొప్పి. చెయ్యి చాపితే పోటు, పక్కకి ఒత్తిగిలితే సలుపు. చేతికి గడ్డేం తగల్లేదు. తగల్లేదు కాబట్టి పర్లేదని ఒకరోజు ధైర్యం, తగలనంత లోపల ఉందేమోనని మర్నాడు ఏడుపు. తల్లికి మాత్రం భుజం నొప్పి అని చెప్పింది. సత్యవతి చెవిన పడ్డ మాట రేకులు చుట్టడానికి వచ్చే ఆడవాళ్ల చెవిన పడకుండా ఉండదు మరి. ఆవిడ పాపం కొబ్బరినూనెలో కర్పూరం వేసి రోజూ భుజం మర్దనా చేస్తోంది. నొప్పి ఒకచోట, నూనె ఒకచోట.

ఫోన్లో వెతికితే మొదటి వరసలోనే కండరాల నొప్పి కావచ్చని ఉంది. రమ్యశ్రీ అక్కడ ఆగుతుందా? అన్నిటికన్నా భయంకరమైన పేజీ దొరికేదాకా వెతికి, దాన్ని మూడుసార్లు చదివింది. నిన్న అట్టపెట్టెలు కొనాలని చెప్పి అమలాపురం వెళ్లి లేడీ డాక్టరుకి చూపించుకుంది. ఆవిడ చూసి, కంగారేం లేదుగానీ స్కానింగ్ చేయిస్తే నిశ్చింత అంది. స్కానింగ్ డాక్టరు వచ్చేది మంగళవారం. ఇంటికి వస్తూ బస్సులోనే రమ్యశ్రీ తన చీరలన్నీ మనసులో పంచేసింది. గులాబీరంగు పట్టుచీర పిన్నికూతురు వాణికి. వాణికి ఆ రంగు నప్పదు, కానీ చూడ్డానికి తను ఉండదు కదా.

పంచలేనిది ఒక్కటే మిగిలింది. బుధవారం, శనివారం వస్తే ఆమె జడ రెండుసార్లు వేసుకునేది. దుర్గాప్రసాద్ ఇవాళో రేపో నోరు విప్పుతాడని తెలుసు. అడిగాక కాదనడం తన వల్ల కాదు, కాబట్టి అడక్కముందే పంపించెయ్యాలి. పాపం కుర్రాడు రోగిష్టిదాన్ని కట్టుకోవడం ఎందుకు?

దుర్గాప్రసాద్ హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకుని, "సంబంధం ఏమైనా కుదిరిందాండి?" అన్నాడు.

ఆ మొహం చూసేసరికి పదిరోజులు బిగబట్టిన మాట ఆగలేదు. తల్లి పెరట్లో ఉందని చూసుకుని చెప్పేసింది.

"సంబంధం కాదండి. రొమ్ములో నొప్పి. మంగళవారం అమలాపురంలో స్కానింగు. నాకు చాలా భయంగా ఉందండి."

కుండ మీద రేకు మాడిపోయింది. అతను చూపు తిప్పుకోలేదు, అయ్యో పాపం అనలేదు.

"ఎన్నింటికండి?"

"పదకొండింటికి."

"నేను పదింటికే ఉంటానండి. లోపలికి రాను. బయట బల్ల మీద కూర్చుంటాను."

మంగళవారం అతను తొమ్మిదింటికే వచ్చాడు. పనిగట్టుకుని అయినవిల్లి వెళ్లి వినాయకుడికి మొక్కుకుని, ప్రసాదం, కొబ్బరిబొండాం, విసనకర్ర పట్టుకుని మరీ వచ్చాడు. ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడుగానీ, అతని కాలు వణుకుడికి బల్లంతా ఊగుతోంది. నర్సు వచ్చి పేషెంటు ఎవరని అడిగి, జవాబు వినకుండా అతని చేతికే బీపీ పట్టీ చుట్టింది. చూసి, పడుకోమంది. రమ్యశ్రీ తన ఫైలు పక్కన పెట్టి అతనికి విసరడం మొదలుపెట్టింది. అంతసేపూ తన నొప్పి సంగతే గుర్తు రాలేదు.

"నాకేదైనా అయితే ఏం చేస్తారండి?" అంది, విసురుతూనే.

అతను కళ్లు తెరిచాడు. "బుధవారం వస్తానండి. శనివారం వస్తాను. మీరు రేకులు చేసినా, చెయ్యకపోయినా వస్తాను. మీరంటే నాకిష్టమండి."

సరిగ్గా అప్పుడే నర్సు ఆమెని లోపలికి పిలిచింది.

స్కానింగులో ఏమీ లేదు. లేడీ డాక్టరు రిపోర్టు చూసి, ఏం పని చేస్తావని అడిగింది. రమ్యశ్రీ కుర్చీలోంచి లేచి చూపించింది: పిండిలో గుడ్డ ముంచడం, చెయ్యి బారుగా చాపి కుండ మీద లాగడం, మళ్లీ ముంచడం. మామూలు పని కాక వారానికి రెండుసార్లు కాట్రేనికోన ఆర్డరు ఉంటుందని, ఆ మనిషి ఎదురుగా కూర్చుంటాడు గనక ఇంకా గబగబా లాగాల్సి వస్తుందని చెప్పింది. డాక్టరు నవ్వింది. నొప్పి రొమ్ముది కాదట, దాని కింద ఛాతీ కండరానిదట. చూపించుకోవడం మంచిపనే అని, ఆ చేతికి రెండు వారాలు రెస్టు ఇచ్చి, తగ్గకపోతే మళ్లీ రమ్మంది. ఇంతకీ అన్ని పూతరేకులు ఎవరు తింటున్నారమ్మా అంది చివర్లో.

బయటికి వచ్చి, ఏమీ లేదటండి అని చెప్పి, రమ్యశ్రీ కాసేపు ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. తర్వాత డాక్టరు అడిగిన ప్రశ్న ఆమె అతన్ని అడిగింది.

ఎవరూ తినట్లేదని ఒప్పుకున్నాడు. మొదటి నెల రైతులు తిన్నారట. రెండో నెల నుంచి అతని బండి చప్పుడు వింటే చెరువుగట్టు మీద ఎవరూ కనపడట్లేదట.

"మరెందుకు కొన్నారండి?"

"పది కొంటే పది నిమిషాల్లో కట్టిచ్చేస్తారండి. రెండు వందలైతే రెండు గంటలు కూర్చోవచ్చు."

"అయితే నా నొప్పికి కారణం మీరేనన్నమాట."

"ఆయ్," అన్నాడు తల వంచుకుని.

"ఆ ఇష్టమేదో మూడు నెలల కిందటే చెబితే, నాకు చెయ్యైనా మిగిలేది కదండీ," అంది రమ్యశ్రీ.

ఇంటికి వెళ్లి తల్లికి అంతా చెప్పేసింది, దుర్గాప్రసాద్ సంగతితో సహా. సత్యవతి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. తర్వాత, ఆ వయసులో తనకీ అక్కడే నొప్పి వచ్చేదని, పండగల సీజన్ అంతా ఉండేదని, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నానని చెప్పింది. కూతుర్ని దగ్గరికి తీసుకుంది. భుజానికి నూనె రాయడం మానేసింది.

మర్నాడు బుధవారం. దుర్గాప్రసాద్ రాగానే సత్యవతి అతన్ని కుండ ముందు కూర్చోబెట్టి, చేతికి తడిగుడ్డ ఇచ్చింది. రెండు వారాలు మా అమ్మాయి చెయ్యి నువ్వే బాబూ అని, పెరట్లోకి వెళ్లిపోయింది.

మొదటి నలభై రేకులూ చిరిగాయి. వేళ్లు కాలాయి. ఆ తర్వాత చిల్లులతో రెండు రేకులు మాత్రం లేచాయి. రమ్యశ్రీ ఎడంచేత్తోనే నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, రెండూ కలిపి ఒక్క పూతరేకుగా మడిచి తింది.

"ఎలా ఉందండి?" అన్నాడు భయంభయంగా.

ఆమె పీట దగ్గరికి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "ఇంకో నూట తొంభై తొమ్మిది చెయ్యండి. అందాకా నేను ఇక్కడే కూర్చుంటాను."