ఇస్త్రీ పడని తువాలు

"పాత తువాలుకి ఇస్త్రీ ఏమిటి, విడ్డూరం కాకపోతే!"

వదిన బల్ల మీది తువాలును లాగేసుకుంది. ఆడపడుచు చేతిలో ఇస్త్రీపెట్టె గాలిలోనే ఆగిపోయింది.

"ఇలా ఇవ్వు వదినా! ప్రయాణంలో పనికొస్తుందని తీసుకున్నా. నీ సొమ్మేం పోయింది?"

"నీ పెట్టెలో కొత్తవి నాలుగున్నాయి. ఇది నాది. మూలన ఎర్రదారంతో గుర్తు కుట్టుకున్నాను, కనిపించలేదూ?"

వంటింట్లోంచి అత్తగారు కేక వేసింది. "పిల్ల మధ్యాహ్నం విమానం ఎక్కుతోంది. ఆ గుడ్డపీలిక దాని మొహాన పడెయ్యరాదూ!"

"కొత్తది కొనిస్తానత్తయ్యా. ఇది మాత్రం ఇవ్వను."

వదిన తువాలు మడిచి బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఆడపడుచు చూపుతోనే కాల్చేసింది.

అప్పుడే వదిన ఫోన్ మోగింది.

"మేడమ్, కుట్టుమిషను ఆగిపోయింది."

"సూది విరిగిందా?"

"విరగబోతోంది."

ఇంట్లోవాళ్ళ దృష్టిలో వదిన టైలరింగ్ షాపులో సూపర్‌వైజర్. డిపార్ట్‌మెంట్ ఫైళ్ళలో ఏజెంట్ సూది. ఆ సంగతి ఇంట్లో తెలిసింది ఆడపడుచు ఒక్కదానికే. విదేశీ డెలిగేషన్‌లో ఇంటర్‌ప్రెటర్‌గా దూరి, వాళ్ళ కబుర్లు మోసుకురమ్మని రెండేళ్ళ క్రితం ఆడపడుచును చేర్చుకున్నది వదినే. అందమూ, ఆరు భాషలూ, అదరని గుండె. అంతకంటే ఏం కావాలనుకుంది.

షాపులో ట్రయల్ రూమ్ అద్దాన్ని నెట్టి వదిన లోపలికి వెళ్ళింది. డిపార్ట్‌మెంట్ పెద్దసారు కూర్చోమని కూడా అనలేదు.

"నిన్న సాయంత్రం సేఫ్‌లోంచి లిస్టు పోయింది. పట్టు రిబ్బన్ మీద అచ్చువేసిన పద్నాలుగు పేర్లు. సరిహద్దు అవతల పనిచేస్తున్న మనవాళ్ళు. శత్రువుల ముఠా చేతికి చేరిందంటే రేపటికి ఒక్కడూ మిగలడు."

పన్నెండో పేరు వదిన తమ్ముడిది.

"రిబ్బన్‌కి గుర్తు పెట్టాం మేడమ్," అన్నాడు పక్కనే ఉన్న కెమిస్టు. "చేపలోంచి తీసిన డీఎన్‌ఏ పూశాను. కంటికి కనబడదు, ముట్టుకుంటే చేతికి అంటుతుంది. దాని మీద ఈ రంగు చల్లి నీలం లైటు వెయ్యాలి. ఈ రంగు అణువు నీళ్ళలో ఉన్నంతసేపూ గింజుకుంటూ, తాగిన వెలుగంతా అందుకే ఖర్చుపెట్టేస్తుంది. డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెన కదా, దాని మెట్ల మధ్య దూరిందంటే కదలడానికి చోటుండదు. ఇరుక్కున్నచోటే ఆకుపచ్చగా వెలుగు కక్కుతుంది."

"మరి ఎవరి మీదా వెలగలేదా?"

"సేఫ్ గదికి వచ్చినవాళ్ళందరినీ చూశాం. మీ ఆడపడుచుని కూడా. చేతులు సబ్బు వాసన. బట్టలు శుభ్రం, అప్పుడే ఇస్త్రీ చేసినట్టు వెచ్చగా ఉన్నాయి."

వదిన తలెత్తింది. "బాగా వేడి తగిలితే?"

"నిచ్చెన రెండుగా చీలిపోతుంది. రంగు ఇరుక్కోవడానికి మెట్లే ఉండవు. వెలుగు పోతుంది."

"ఆ సంగతి ఇంకెవరికి తెలుసు?"

కెమిస్టు నీళ్ళు నమిలాడు. "పోయిన నెల డెలిగేషన్‌కి ఇదే లెక్చర్ ఇచ్చాను. పూసగుచ్చినట్టు అనువాదం చేసింది... ఆవిడే."

వదిన సెంటుసీసాలో రంగు నింపించుకుంది. లిప్‌స్టిక్‌లాంటి నీలం టార్చీ, నారింజ రంగు కళ్ళద్దాలు తీసుకుంది.

"మా ఆడపడుచుని విమానానికి తీసుకెళ్ళే టాక్సీ సంగతి చూడండి సార్. మిగతాది ఇంటిగొడవ. నేను చూసుకుంటాను."

ఇంట్లో భోజనాల బల్ల మీద కంచాలు పెట్టి ఉన్నాయి. పెట్టె సర్దుకుని కూర్చున్న ఆడపడుచు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"వదినా, పొద్దున నోరు జారాను. ఆ తువాలు ఇచ్చెయ్యవూ? నీ గుర్తుగా ఉంచుకుంటా."

"రా, ఇస్తాను."

పడగ్గదిలో వదిన కర్టెన్లు లాగి, బీరువా తెరిచి, తువాలు మీద సెంటుసీసా నొక్కింది. కళ్ళద్దాలు పెట్టుకుని టార్చీ వేసింది. చీకటిలో అయిదు వేళ్ళు ఆకుపచ్చగా మొలిచాయి. అంచు మడతలో దాచి కుట్టిన రిబ్బన్ ఒక గీతలా నిండుగా వెలిగింది.

"దీనికి ఇస్త్రీ పడనివ్వలేదు చూడు, అదీ నీ ఏడుపు," అంది వదిన. "నీ తువాళ్ళు నాలుగుండగా నాదే ఎందుకు?"

"దొరికితే ఎర్రదారం గుర్తు నీదే కదా." ఆడపడుచు చేతిలో చిన్న పిస్తోలు మెరిసింది. "ఈ ఇంట్లో చెంచా తీసినా నీకే లెక్క చెప్పాలి. నీ కింద రెండేళ్ళు పనిచేశాను. చాలు."

"పన్నెండో పేరు చదివావా?"

"చదివాను."

"నీకు సైకిలు నేర్పింది వాడే."

"అడ్డు తప్పుకో వదినా."

బయట టాక్సీ హారన్ మోగింది. ఆడపడుచు చూపు రెప్పపాటు కిటికీ వైపు తిరిగింది. తడి తువాలు కొరడాలా మణికట్టు మీద పడింది. పిస్తోలు మంచం కిందికి జారింది. ఆడపడుచు వంగేలోగా వదిన చేతికి అందింది.

"ఆ హారన్ కొట్టింది పెద్దసారు. నీ డ్రైవర్‌ని పదింటికే పట్టుకుని దింపేశారు. పద, భోజనానికి. మీ అమ్మ ముందు ఒక్క మాట తేడా వచ్చిందా, నేను వదినని కాను."

వదిన భర్తతో కలిపి నలుగురూ బల్ల ముందు కూర్చున్నారు. వదిన ఒళ్ళో తువాలు పరుచుకుంది. దాని కింద ఆమె ఎడమచెయ్యి ఆడపడుచు వైపే ఉంది.

"ఒక నిర్ణయం చెప్పాలి," అంది వదిన, కుడిచేత్తో అత్తగారికి వడ్డిస్తూ. "అమ్మాయి ప్రయాణం మానుకుంది. టాక్సీలో మా షాపువాళ్ళ దగ్గరికి వెళ్ళి, అక్కడే ఉంటుంది. చాలాకాలం."

అత్తగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "తువాలు ఇవ్వలేదనా? ఇంత చిన్నదానికా తల్లీ!"

ఆడపడుచు తువాలు వైపు చూసి, అన్నం కలుపుకోసాగింది.

"అలకలు తర్వాత తీర్చుకోండి," అన్నాడు భర్త, ఏమీ పట్టనట్టు. "నా చేతులు తడిగా ఉన్నాయి. ఆ తువాలు ఓసారి ఇటివ్వు."

"ఇవ్వనండీ," అంది వదిన. "ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో ఎవరి తువాలు వాళ్ళదే."